స్టేడియం కట్టే ఏళ్లు

2006 మే 7న లండన్‌లోని హైబరీ మైదానంలో ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆడిన ఆఖరి మ్యాచ్‌ను నేను హాస్టల్ కామన్ రూమ్ టీవీలో చూశాను. విగన్‌పై 4-2తో గెలిచిన ఆ ఆటలో థియరీ ఆన్రీ హ్యాట్రిక్ చేసి, మూడో గోల్ తర్వాత మోకాళ్లపై వంగి పచ్చికను ముద్దు పెట్టుకున్నాడు. 1913 నుంచి ఆ క్లబ్బుకు ఇల్లుగా ఉన్న చోటు అది. 38,000 మంది పట్టే ఆ మైదానాన్ని వదిలి, అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడక దూరంలో 60,000 మంది కోసం కట్టిన ఎమిరేట్స్ స్టేడియానికి ఆర్సెనల్ మారబోతోంది. రెండేళ్ల ముందే, 2003-04లో, ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచిన క్లబ్బు అది; పది రోజుల తర్వాత బార్సిలోనాతో, యూరప్ మేటి క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడవలసిన క్లబ్బు. ఇంతటి జట్టుకు అంతటి స్టేడియం తోడైతే ఇక తిరుగుండదని ఆ గదిలో ఉన్న మేమందరం నమ్మాం. బార్సిలోనాతో ఫైనల్ ఓడిపోయింది. ఆ తర్వాత ఆర్సెనల్ చేతికి ఒక పెద్ద ట్రోఫీ రావడానికి 2014 మే దాకా పట్టింది.

స్టేడియం పెద్దదైతే ఆదాయం పెరుగుతుంది, ఆదాయం పెరిగితే మంచి ఆటగాళ్లు వస్తారు, మంచి ఆటగాళ్లు వస్తే గెలుపు వస్తుంది అన్నది వినడానికి తప్పు పట్టలేని లెక్క. ఆ లెక్కలో కాలం ఎక్కడుందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అది కూడా ఫుట్‌బాల్ చూసి కాదు, మా ఇంటిని తలుచుకుని తెలుసుకున్నాను. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు కదా. మా నాన్న హనుమకొండలో ఇల్లు కట్టిన మూడేళ్లలో దసరాకు మాకు కొత్త బట్టలు లేవు, అమ్మ గాజులు బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి, స్లాబు వేసే నెలలో నా ట్యూషన్ ఫీజు ఆగిపోయింది. ఇల్లు పూర్తయ్యాక మా బతుకు నిజంగానే మెరుగుపడింది. కానీ మా అక్క పదో తరగతి చదువు ఆ మూడేళ్లలోనే గడిచిపోయింది. ఆ ఏళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆటగాళ్ల వయసు కూడా అలాంటిదే. 24 ఏళ్ల మిడ్‌ఫీల్డరు స్టేడియం అప్పు తీరేదాకా 24 ఏళ్ల దగ్గర ఆగి ఎదురుచూడడు.

ఎమిరేట్స్ కట్టడానికి సుమారు 39 కోట్ల పౌండ్లు ఖర్చయింది. అందులో బ్యాంకుల నుంచి తెచ్చిన అప్పే 26 కోట్ల పౌండ్లు. 2006లో దానిని దీర్ఘకాలిక బాండ్లుగా మార్చారు. పని మధ్యలో డబ్బు చేతిలో ఆడడం కోసం స్టేడియం పేరును 15 ఏళ్లకూ, చొక్కా మీది ప్రకటనను 8 ఏళ్లకూ కలిపి ఎమిరేట్స్ విమాన సంస్థకు 10 కోట్ల పౌండ్లకు ఇచ్చారు. 2004లో అది గొప్ప ఒప్పందం. కొన్నేళ్లు గడిచేసరికి పోటీ క్లబ్బులు ఏటేటా కొత్త ధరలు అడిగి తెచ్చుకుంటుంటే, ఆర్సెనల్ మాత్రం ముందే వాడేసుకున్న పాత ధర దగ్గర నిలిచిపోయింది. బ్యాంకులు మేనేజర్ ఆర్సెన్ వెంగర్ అయిదేళ్లు ఉంటానని సంతకం చేయాలని కోరాయని ఆయనే తర్వాత చెప్పాడు. అప్పు ఇచ్చేవాడు ఇటుకలను కాక కోచ్‌ను హామీగా అడగడంలో ఎంతో తెలివి ఉందని నాకనిపిస్తుంది. ఏటా ఛాంపియన్స్ లీగ్‌లో చోటు దక్కితేనే వాయిదాలు సజావుగా నడుస్తాయని వాళ్లకు తెలుసు.

స్టేడియం తన మాట నిలబెట్టుకుంది. మారిన మొదటి సీజన్‌లోనే మ్యాచ్ రోజు ఆదాయం అంతకు ముందటి ఏడాదికి దాదాపు రెట్టింపైంది. సుమారు 7,000 ఖరీదైన సీట్లూ, 150 ప్రైవేటు బాక్సులూ ఆ పెంపులో పెద్ద భాగం మోశాయి. అయితే ఆ డబ్బు జట్టు దాకా చేరేలోపు వడ్డీ, వాయిదా ముందు వరుసలో నిలబడ్డాయి. 2007లో ఆన్రీ బార్సిలోనాకు వెళ్లాడు. 2009లో అడెబయోర్, కోలో టూరే మాంచెస్టర్ సిటీకి వెళ్లారు. 2011లో సెస్క్ ఫాబ్రెగాస్ బార్సిలోనాకు, సమీర్ నస్రీ సిటీకి వెళ్లారు. 2012లో రాబిన్ వాన్ పెర్సీ మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లి, ఆ మరుసటి మేలోనే అక్కడ లీగ్ టైటిల్ ఎత్తుకున్నాడు. ఆ సాయంత్రం నేను భోజనం చేయలేదు. 2007-08లో 83 పాయింట్లు తెచ్చుకుని, విజేత యునైటెడ్‌కు నాలుగు పాయింట్ల దూరంలో ఆగిన జట్టును తలుచుకున్నప్పుడల్లా ఆ జనవరిలో ఒక్క డిఫెండరును కొనే స్తోమత ఉంటే ఏమై ఉండేదన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది.

అయినా వెంగర్ ఆ ఏళ్లన్నిటిలో జట్టును ఛాంపియన్స్ లీగ్‌కు దారి తీసే మొదటి నాలుగు స్థానాల కిందికి జారనివ్వలేదు. 2003లో చెల్సీని రష్యా కుబేరుడు అబ్రమోవిచ్, 2008లో సిటీని అబుదాబి యజమానులు కొన్నాక, అప్పుల్లో ఉన్న క్లబ్బుతో వారి మధ్య ఆ స్థానం నిలుపుకోవడాన్ని నేను ఆయన ఓడిపోని సీజన్ కన్నా పెద్ద పనిగా లెక్కిస్తాను. నాలుగో స్థానం కూడా ట్రోఫీయేనా అని అప్పట్లో ఆయనను ఎగతాళి చేసినవారిలో నేను లేనని చెప్పలేను, అందుకు ఇప్పుడు బాధపడుతున్నాను. 2013 సెప్టెంబరులో మెసుట్ ఓజిల్‌ను 4.25 కోట్ల పౌండ్లకు కొనడం, ఆ సీజన్ చివర ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో హల్ సిటీపై రెండు గోల్స్ వెనుకబడి 3-2తో గెలవడం, ఇల్లు కట్టే రోజులు అయిపోయాయని తెలిపిన తొలి గుర్తులు.

ఈ కథలో అనుకోని మలుపు ఒకటుంది, దానిని చాలామంది పట్టించుకోరు. ఆర్సెనల్ స్టేడియం పథకం వేసిన రోజుల్లో గేటు వసూళ్లే క్లబ్బుల మధ్య ప్రధానమైన తేడా. కట్టడం అయిపోయి, అప్పు కాస్త కరిగే నాటికి ఆటలో డబ్బు దారి మార్చుకుంది. ప్రీమియర్ లీగ్ బ్రిటన్‌లోని ప్రసార హక్కులు 2013-16కు 300 కోట్ల పౌండ్లు పలికితే, 2016-19కు 510 కోట్ల పౌండ్లు దాటాయి. ఆ డబ్బులో పెద్ద వాటా 20 క్లబ్బులకూ వెళ్తుంది. 11,000 సీట్లున్న బోర్న్‌మత్‌కు కూడా అందుతుంది. 22,000 అదనపు సీట్ల కోసం ఎనిమిదేళ్లు నోరు కట్టుకున్న క్లబ్బు, అవి పంట ఇచ్చే వేళకు ఊళ్లో అందరి బావుల్లోనూ నీళ్లు ఊరడం చూసింది.

డబ్బు మాట పక్కన పెడితే, స్టేడియం ఆటలోకి నేరుగా వచ్చే దారి మరొకటుంది. అది జనం అరుపు, ఆ అరుపు ఎంత దగ్గరి నుంచి వస్తుందన్నది. కరోనా కాలంలో గ్యాలరీలు ఖాళీ అయినప్పుడు దీనికి ఎవరూ కోరుకోని రుజువు దొరికింది. దాదాపుగా ప్రేక్షకులు లేకుండా సాగిన 2020-21 ప్రీమియర్ లీగ్ సీజన్‌లో సొంతగడ్డపై 144 గెలుపులు వస్తే, పరాయిగడ్డపై 153 వచ్చాయి. ఆ లీగ్ చరిత్రలో అంతకు ముందెన్నడూ అలా జరగలేదు. ఆన్‌ఫీల్డ్‌లో వరుసగా 68 లీగ్ మ్యాచుల పాటు ఓటమి ఎరుగని లివర్‌పూల్, ఆ శీతాకాలంలో అదే మైదానంలో వరుసగా ఆరు ఓడిపోయింది. గాయాలు కూడా కారణమే, కాదనను. కానీ వీరాభిమానులు కూర్చునే ఆన్‌ఫీల్డ్ కాప్ స్టాండ్ నిండి ఉండగా ఆ ఆరూ పోయేవంటే నేను నమ్మను.

ట్యూరిన్‌లోని యువెంటస్ కథ ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. 1990 ప్రపంచ కప్ కోసం కట్టిన డెల్లె ఆల్పి స్టేడియంలో మైదానం చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ ఉండేది; ఆటగాళ్లు బొమ్మల్లా దూరంగా కనిపించేవారు, ఇటలీలో అత్యధిక అభిమానులున్న క్లబ్బు సగం ఖాళీ గ్యాలరీల మధ్య ఆడేది. దానిని కూల్చి, అదే చోట సుమారు 41,000 సీట్లతో, అంటే పాతదానికన్నా చాలా చిన్నగా, కొత్త స్టేడియం కట్టి 2011 సెప్టెంబరులో తెరిచారు. మొదటి వరుసకూ మైదానానికీ మధ్య దూరం 7.5 మీటర్లు. అంతకు ముందు రెండు సీజన్లలో ఏడో స్థానంలో నిలిచిన జట్టు ఆ మొదటి సీజన్‌లో లీగ్‌లో ఒక్కటీ ఓడకుండా టైటిల్ గెలిచి, 2020 దాకా వరుసగా తొమ్మిది టైటిళ్లు తీసుకుంది. ఇది చూసి స్టేడియమే తొమ్మిది టైటిళ్లు తెచ్చిందని అనేవాళ్లున్నారు. అదే వేసవిలో ఆంటోనియో కాంటే కోచ్‌గా వచ్చాడు, ఆండ్రియా పిర్లో మిలాన్ నుంచి ఉచితంగా వచ్చాడు, ఆర్తురో విదాల్ జర్మనీ నుంచి వచ్చాడు. ఎవరి వాటా ఎంతో విడదీయడం ఎవరివల్లా కాదు. ఇటలీలో అప్పటికి చాలా క్లబ్బులు నగర పాలక సంస్థల స్టేడియాలలో అద్దెకు ఆడుతుండగా, యువెంటస్ ఒక్కటే ఆ స్థాయిలో సొంత ఇంటిలో ఆడి, వచ్చిన ఆదాయాన్ని జట్టు మీద పెట్టగలిగిందన్నది మాత్రం ఖాయం. సీట్లు తగ్గించి బలపడిన క్లబ్బు అది. పెంచడమే బాగుచేయడమని అనుకునే వారందరూ ఆ కొలతలు ఒకసారి చూడాలి.

వెస్ట్ హామ్ దీనికి ఎదురు దిశలో నడిచింది. 35,000 మంది మైదానం అంచు గీతకు ఆనుకున్నట్టు కూర్చునే బోలిన్ గ్రౌండ్‌ను 2016లో వదిలి, 2012 ఒలింపిక్స్ స్టేడియానికి ఏటా సుమారు 25 లక్షల పౌండ్ల మూల అద్దెకు వెళ్లింది. అద్దె చవకే, సీట్లు 60,000 పైమాటే, కానీ ఒలింపిక్ ట్రాక్ మీద జరుపుడు సీట్లు వేసినా మైదానం దూరంగానే మిగిలింది. 2018 మార్చిలో బర్న్‌లీతో ఆటలో అభిమానులు మైదానంలోకి దూకి, యజమానుల సీట్ల కింద గుమిగూడి నిరసన తెలిపారు. 2023లో ఆ క్లబ్బు యూరప్ క్లబ్బుల మూడో స్థాయి పోటీ అయిన యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ గెలిచింది, అది నిజమైన ఆనందం. అయినా బోలిన్ గ్రౌండ్ గురించి మాట్లాడే పెద్దవాళ్ల గొంతులో ఉన్న బాధను ఆ కప్పు తుడిచేసిందని నేననుకోను.

స్టేడియానికీ విజయానికీ ఉన్న ముడిని పరీక్షించడానికి మ్యూనిక్ కన్నా మంచి చోటు లేదు. అక్కడ ఒకే కట్టడాన్ని రెండు క్లబ్బులు కలిసి కట్టుకున్నాయి. 2005లో తెరిచిన అలియాంజ్ అరీనాకు సుమారు 34 కోట్ల యూరోలు ఖర్చయితే, బయెర్న్ మ్యూనిక్, 1860 మ్యూనిక్ దానిని సగం సగం పంచుకున్నాయి. బయెర్న్ ఆడే రోజు గోడలు ఎర్రగా, 1860 ఆడే రోజు నీలంగా వెలిగేవి. అవే సీట్లు, అదే పచ్చిక, అవే బాక్సులు. తేడా ఏమిటంటే, 1966లో జర్మనీ విజేత అయిన 1860 క్లబ్బు స్టేడియం తెరుచుకునే ముందే, 2004లో, రెండో డివిజన్‌కు పడిపోయింది. 66,000 సీట్ల కోసం వేసుకున్న అప్పు అలాగే ఉంది, ఆ సీట్లను నింపే ఆట లేదు. ఏడాది తిరగకుండానే, 2006లో, దివాలా తప్పించుకోవడానికి తన సగం వాటాను 1.1 కోట్ల యూరోలకు బయెర్న్‌కే అమ్ముకుని, తాను కట్టిన ఇంటిలో అద్దెదారుగా మిగిలింది. బయెర్న్ అప్పంతా 2014 నాటికి, గడువుకు 16 ఏళ్ల ముందే, తీర్చేసింది. అంతకు ముందటి ఏడాదే యూరప్ విజేతగా కూడా నిలిచింది. 2017లో 1860 మూడో డివిజన్‌కు దిగి, అక్కడ ఆడే లైసెన్సుకు కావలసిన డబ్బు కట్టలేక నాలుగో డివిజన్‌లో పడి, తన పాత గ్రూన్‌వాల్డర్ స్టేడియానికి తిరిగి వెళ్లిపోయింది. అక్కడ జనం కిక్కిరిసి నిలబడి పాడుతున్న దృశ్యాలు చూసినప్పుడు, ఆ అభిమానులకు వచ్చింది నష్టమో, ఇంటికి చేరిన ఊరటో చెప్పడం నాకు కష్టమైంది.

ఇంగ్లండ్‌లో అలాంటి విషాదమే చిన్న అక్షరాలతో డార్లింగ్‌టన్‌లో జరిగింది. నాలుగో డివిజన్‌లో కొన్ని వేల మంది మాత్రమే వచ్చే క్లబ్బుకు 2003లో 25,000 సీట్ల స్టేడియం కట్టారు. ఏడాదిలోపే అప్పులు తీర్చలేని క్లబ్బు దివాలా నిర్వాహకుల చేతిలోకి వెళ్లింది, 2012 నాటికి ఆ స్టేడియాన్నే వదిలి వెళ్లిపోయింది.

లివర్‌పూల్ నగరంలో ఒకే పార్కుకు అటూ ఇటూ ఉన్న రెండు క్లబ్బులు వేరు వేరు దారులు పట్టాయి. లివర్‌పూల్ క్లబ్బు స్టాన్లీ పార్కులో కొత్త స్టేడియం కట్టాలన్న పథకాన్ని 2012లో పక్కన పెట్టి, ఆన్‌ఫీల్డ్‌నే విడతలుగా పెంచింది. 2016లో మెయిన్ స్టాండ్ పూర్తయి సామర్థ్యం 45,000 నుంచి 54,000కు, తర్వాత ఆన్‌ఫీల్డ్ రోడ్ వైపు స్టాండుతో 61,000కు చేరింది. కాప్‌ను ముట్టుకోలేదు. పాత ఇంట్లో ఉంటూనే మీద అంతస్తు వేసుకున్న కుటుంబంలా, జట్టు ఎక్కడికీ మారకుండా 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లోనూ 2025లోనూ ప్రీమియర్ లీగ్ గెలిచింది. ఎవర్టన్ మాత్రం 1892 నాటి గుడిసన్ పార్కును వదిలి నది ఒడ్డున 52,000 పైచిలుకు సీట్ల కొత్త స్టేడియం కట్టింది. క్లబ్బులు ఎంతవరకు నష్టపోవచ్చో లీగ్ ఒక పరిమితి పెట్టింది; స్టేడియం ఖర్చు ఆ లెక్కలోకి రాదు, కానీ దానికోసం తెచ్చిన డబ్బు వడ్డీని ఎలా చూపించాలన్నది పెద్ద వివాదమైంది. 2023-24లో నష్టాల పరిమితి దాటినందుకు ఆ క్లబ్బు రెండు విడతల్లో కలిపి ఎనిమిది పాయింట్లు పోగొట్టుకుని, కిందికి పడిపోకుండా గట్టెక్కింది. గుడిసన్‌ను కూల్చకుండా మహిళల జట్టుకు ఇవ్వడం ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఎంతో నచ్చిన నిర్ణయం.

ఆర్సెనల్‌కు పొరుగు ప్రత్యర్థి అయిన టాటెన్‌హామ్ గురించి ఆర్సెనల్ అభిమానిగా నిష్పక్షపాతంగా రాయడానికి ప్రయత్నిస్తాను. 2016-17లో తమ పాత మైదానం వైట్ హార్ట్ లేన్‌లో లీగ్‌లో 17 గెలిచి, రెండు డ్రా చేసుకుని, ఒక్కటీ ఓడకుండా ఆ మైదానానికి వీడ్కోలు పలికారు. అది ఆ తరం ఆటగాళ్ల పరిపూర్ణ వయసు. తర్వాత రెండేళ్ల దగ్గర దగ్గరగా లండన్‌లోని జాతీయ స్టేడియం వెంబ్లీలో ఆడారు; 2018 వేసవిలో ఒక్క ఆటగాడిని కూడా కొనలేదు. 2019 ఏప్రిల్‌లో తెరిచిన 62,850 సీట్ల కొత్త స్టేడియం కట్టడంగా నేను చూసిన వాటన్నిటిలో ఉత్తమమైనది: 17,500 మంది ఒకే వాలులో కూర్చునే దక్షిణపు స్టాండు, మూడు ముక్కలుగా విడిపోయి దాని కిందికి జారే పచ్చిక, కింద అమెరికన్ ఫుట్‌బాల్ కోసం మరో మైదానం. ఆ జూన్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఓడారు, నవంబరులో కోచ్ పొచెట్టినోను తీసేశారు. 2025 మేలో యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్ గెలిచిన అదే సీజన్‌లో లీగ్‌లో 17వ స్థానంలో నిలిచారు. ప్రపంచంలో ఇంతకన్నా మంచి ఇల్లు లేకపోయినా, 2017 నాటి ఆ జట్టు అందులో తన మంచి వయసును గడపలేకపోయింది.

మన ఊరి మాట రాయకుండా ఈ వ్యాసం ముగించలేను. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఆడిన మొదటి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) సీజన్‌లో చివరి స్థానంలో నిలిచింది. కరోనా వల్ల తర్వాతి రెండు సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. సొంతగడ్డపై ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఆ జట్టు 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో, పసుపు చొక్కాల కేరళ అభిమానులతో నిండిన గ్యాలరీల ముందు, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో ఓడించి విజేత అయింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. జనం దగ్గరగా ఉంటేనే గెలుపని ఇంతసేపు రాసిన నేను, మన జట్టు తనవాళ్లెవరూ లేని చోట కలిసి బతికి గెలిచిందని కూడా రాయాలి. మనోలో మార్కెజ్ లాంటి కోచ్‌కూ, ఒగ్బెచే లాంటి స్ట్రైకరుకూ గ్యాలరీతో పని లేకపోయింది.

కానీ ఆ జట్టును ఊరికి కట్టి ఉంచే తాడు ఏదీ తయారు కాలేదు. జనం తిరిగి వచ్చాక ఆడిన 2022-23లో రెండో స్థానం దక్కింది. మరుసటి ఏడాది డబ్బు ఇబ్బందుల్లో చివరి స్థానం. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుంచి 1954 దాకా దేశంలో పేరున్న ఫుట్‌బాల్ పోటీ అయిన రోవర్స్ కప్‌ను వరుసగా అయిదుసార్లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఊరు ఇది. గచ్చిబౌలిలో సుమారు 30,000 సీట్లున్నాయి, మైదానం చుట్టూ పరుగుల ట్రాక్ ఉంది, గోల్ పడినప్పుడు అభిమానికీ ఆటగాడికీ మధ్య ఎనిమిది లేన్ల ఎర్ర పట్టీ ఉంది. అది అథ్లెట్ల కోసం కట్టిన స్టేడియం, వాళ్లకు అది ఉండాలి. ఫుట్‌బాల్‌కు వేరే చోటు కావాలి.

పడమటి లండన్‌లో బ్రెంట్‌ఫర్డ్ 2020లో కొత్త స్టేడియానికి మారింది. అందులో సీట్లు 17,250. రైలు పట్టాల మధ్య మిగిలిన ముక్కోణపు స్థలంలో కట్టారు, ట్రాక్ లేదు, మొదటి వరుసలో కూర్చున్నవాడికి త్రో విసిరే ఆటగాడి ఊపిరి వినిపిస్తుంది. మారిన మొదటి సీజన్ చివరనే జట్టు ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది. హైదరాబాద్‌లో మళ్లీ ఎవరైనా క్లబ్బు పెడితే, 50,000 సీట్ల నమూనా బొమ్మను బల్ల మీద పెట్టి ఫోటోలు దిగకముందు, ఆ 17,250 సీట్ల ప్లాను తెప్పించి చూడమని నా విన్నపం. సికింద్రాబాద్‌లోనో, పాతబస్తీకి దగ్గరలోనో, బస్సు దిగి నడిచి వెళ్లగలిగే చోట అంతకన్నా చిన్నది కట్టినా చాలు. మొదటి సీజన్ టికెట్లు రెండు, నాకూ మా నాన్నకూ, ఇప్పుడే రాసిపెట్టుకోమంటాను.